ఒంటెకు దాహం వేసింది

ఆ సైటులో పనిచేసే మూడు వందల మందిలో అతని అసలు పేరు తెలిసినవాళ్ళు ముగ్గురో నలుగురో ఉంటారు. మిగతా అందరికీ అతను ఒంటెగారే. టవర్ క్రేన్ నడపడం అతని పని. ఇరవై రెండేళ్ళుగా అదే పని. పొద్దున ఏడింటికి ఇనుప నిచ్చెన పట్టుకుని డెబ్బై మీటర్లు ఎక్కి ఆ అద్దాల గదిలో కూర్చున్నాడంటే, మళ్ళీ సాయంత్రం నాలుగింటికే నేల మీద కాలు పెట్టేది. మధ్యలో దేనికీ దిగడు. భార్య కట్టిచ్చిన డబ్బా, నీళ్ళసీసా వెంట తీసుకెళ్తాడు. డబ్బా ఖాళీగా దిగుతుంది, అదైనా పన్నెండున్నరకు ఆవిడ ఫోన్ చేసి ‘ఇక తినండి’ అంటుంది కనక. సీసా మాత్రం వెళ్ళింది వెళ్ళినట్టే నిండుగా దిగుతుంది. ‘మన ఒంటె ఒంటికి కూడా వెళ్ళదు’ అని కిందివాళ్ళు నవ్వుకునేవాళ్ళు. మేనేజర్లయితే కొత్త ఆపరేటర్లకు ఆ గదిని వేలితో చూపించి, పనిమంతుడంటే అలా ఉండాలని చెప్పేవాళ్ళు. అతను పైకి ఏమీ అనేవాడు కాదు గానీ, ఆ మాట చెవిన పడ్డ రోజు లోపల్లోపల ఉబ్బితబ్బిబ్బయ్యేవాడు.

ఆ ఎండాకాలం ఒక రోజు, భోజనాలకు ఇంకా అరగంట ఉందనగా, రెండు టన్నుల ఇనుప చువ్వల కట్ట గాల్లో ఉండగా అతనికి కళ్ళు బైర్లు కమ్మాయి. ఎవరో సూర్యుడికి పరదా లాగినట్టు అనిపించిందని తర్వాత చెప్పాడు. అంతే, చేయి లివర్ మీంచి జారిపోయింది. చేయి తీస్తే యంత్రం దానంతటదే ఆగే ఏర్పాటు ఉండబట్టి కట్ట ఎక్కడిదక్కడ ఆగి, తాడు చివర మెల్లగా ఊగింది. కింద వాకీటాకీ పట్టుకుని అతనికి దారి చెప్పే సిగ్నల్‌మ్యాన్ ‘అన్నా, అన్నా’ అని పిలుస్తూనే ఉన్నాడు. జవాబు లేదు. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ మూడు వందల మంది తలలెత్తి చూస్తుండగా, రక్షణ సిబ్బంది అతన్ని తాళ్ళతో కట్టి మూటలా కిందికి దించారు. సగం దారిలో అతనికి తెలివొచ్చింది. రాకపోయినా బాగుండేదనుకున్నాడు.

ఆసుపత్రిలో నాలుగు రోజులు అన్ని పరీక్షలూ చేశారు. గుండె బాగుంది, మెదడు బాగుంది, ఒంట్లో నీళ్ళే లేవన్నాడు డాక్టరు. ఆ రోజు ఎప్పుడు నీళ్ళు తాగారని అడిగితే అతను భార్య మొహం చూశాడు. పొద్దున కాఫీ తాగారని ఆవిడ చెప్పింది. ఒంటికి ఎప్పుడు వెళ్ళారని అడిగితే మళ్ళీ భార్య మొహమే చూశాడు. అదొక్కటీ తనకు తెలియదని ఆవిడ ఒప్పుకుంది. డాక్టరు కలం పక్కన పెట్టి కాసేపు ఇద్దరినీ చూసి, మందులు రాయడం మానేసి ఒక చీటీ రాశాడు. రెండో అంతస్తులో ఆక్యుపేషనల్ థెరపిస్టు ఉంటుంది, ఆవిణ్ణి కలవండి అన్నాడు. ఆవిడ సరేనంటే తప్ప క్రేన్ ఎక్కనివ్వమని సైటు నుంచీ కాగితం వచ్చింది.

ఆక్యుపేషన్ అంటే ఉద్యోగమని అతనికి తెలుసు. తనకో ఉద్యోగం ఉండగా ఇంకో ఉద్యోగం చూసిపెట్టే మనిషి దగ్గరికి ఎందుకు పంపుతున్నారని మెట్లెక్కినంతసేపూ గొణుక్కున్నాడు. లోపలికి వెళ్ళి చూస్తే ఆ గది ఆసుపత్రిలానే లేదు. ఒక మూల పొయ్యి, గిన్నెలు, సింకు. ఇంకో మూల మంచం, బట్టల అలమార. కిటికీ పక్కన పక్షవాతం వచ్చి కోలుకుంటున్న పెద్దాయన చొక్కాకు గుండీలు పెట్టుకోవడం సాధన చేస్తున్నాడు. థెరపిస్టుకు ముప్పై ఏళ్ళుంటాయేమో. చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచి, కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది. రోజూ చేసుకునే పనులు చేసుకోలేనివాళ్ళకు మళ్ళీ చేతనయ్యేలా చూడడమే తన పని అని చెప్పింది. తినడం, తాగడం, నిద్రపోవడం, ఉద్యోగం, అన్నీ అందులోకే వస్తాయంది.

“మీకు ఆకలి వేస్తోందని మీకెలా తెలుస్తుంది?”

“గడియారం చూస్తాను.”

“గడియారం లేకపోతే?”

“మా ఆవిడ ఉందిగా.”

భార్య ఫక్కున నవ్వింది. నవ్వుతూనే మొదలుపెట్టింది గానీ, చెప్పే కొద్దీ ఆవిడ గొంతు మారింది. కాలి వేలు విరిగితే మూడు రోజులు దాని మీదే నడిచాడని, చివరికి బూటులో పట్టనంత వాచాక తనే చూసిందని చెప్పింది. జ్వరం వస్తే తను నుదురు ముట్టుకుని చెప్పాలట. ఒకసారి తను పోస్టాఫీసు ఉద్యోగం పని మీద రెండు రోజులు వేరే ఊరు వెళ్ళొచ్చేసరికి, వండిపెట్టింది వండిపెట్టినట్టే ఉందట. ఎందుకు తినలేదంటే, ఏదో వెలితిగా ఉందనుకున్నాను గానీ అది ఆకలని తోచలేదన్నాడట.

థెరపిస్టు కళ్ళు మెరిశాయి. ఇన్నాళ్ళూ ఈ సంగతులు చెప్తే అందరూ నవ్వడమో జాలిపడడమో చూశాడు గానీ, ఇంత ఉత్సాహంగా ముందుకు వంగి కూర్చున్న మనిషిని అతను చూడలేదు. కళ్ళూ చెవులూ బయటి కబుర్లు చెప్పినట్టే, లోపలి కబుర్లు చెప్పే జ్ఞానం ఒకటి మనిషికి ఉంటుందని ఆమె వివరించింది. దాహం, ఆకలి, నొప్పి, వేడి, గుండె వేగం, ఆఖరికి భయం, సంతోషం కూడా ముందు అక్కడే పుడతాయట. కొందరికి అది పుట్టుకతోనే మెల్లగా వినిపిస్తుంది. కొందరు పట్టించుకోకుండా ఉండడం అలవాటు చేసుకుంటారు. మీరెప్పుడైనా అలా అలవాటు చేసుకున్నారా అని అడిగింది.

అతను కిటికీలోంచి చూస్తూ చెప్పుకొచ్చాడు. ఇరవయ్యారేళ్ళ వయసులో, క్రేన్ ఎక్కిన మొదటి వారం, ఒకే రోజు రెండుసార్లు నీళ్ళకు దిగాడు. అప్పటి పెద్ద ఆపరేటరు అందరికీ వినబడేలా వాకీటాకీలో అన్నాడు, గొంతెండేవాళ్ళు గేటు దగ్గర కాపలా పని చూసుకోవచ్చని. ఆ రోజు నుంచి దిగలేదు. మొదటి నెల ప్రాణం పోయినంత పనయింది. రెండో నెలకల్లా ఒళ్ళు అడగడం మానేసింది. ఇదంతా అతను అప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు, భార్యకు కూడా.

“అప్పుడు మీ ఉద్యోగం నిలబడడానికి అది పనికొచ్చింది” అంది థెరపిస్టు. “తప్పేం లేదు. ఒకటి నేర్చుకున్నవారు ఇంకోటి నేర్చుకోలేరా?”

మర్నాటి నుంచి వారానికి మూడు రోజులు ఆ గదికి వెళ్ళాడు. మొదటి రోజు ఆమె ఒక గిన్నెలో ఐసు నీళ్ళు, ఇంకో గిన్నెలో గోరువెచ్చటి నీళ్ళు పెట్టి చేతులు ముంచమంది. చల్లగా ఉంది, వెచ్చగా ఉంది అని చెప్పాడు. అది నీళ్ళ సంగతి, మీ చేయి సంగతి చెప్పండి అంది. అతను చేయి వైపు తేరిపార చూశాడు. ఏమీ లేదన్నాడు. రెండో రోజు పాదాలు, మూడో రోజు నోరు, తర్వాత పొట్ట. అన్నిటికీ అదే జవాబు, ఏమీ లేదు. నలభై ఎనిమిదేళ్ళ మనిషిని కూర్చోబెట్టి నీళ్ళాట ఆడిస్తున్నారని ఇంటికొచ్చి విసుక్కున్నాడు. పదిహేడేళ్ళ కూతురు మాత్రం ఊరుకోలేదు. థెరపిస్టు ఇంటిపనిగా ఇచ్చిన కాగితం చదివి, తండ్రిని అపార్టుమెంటు మెట్ల దగ్గరికి లాక్కెళ్ళి మూడంతస్తులు పరుగెత్తించింది. తనూ పరుగెత్తింది. పైకి చేరాక ఇద్దరూ గుండె మీద చేయి వేసుకుని నిలబడ్డారు.

“ఏం తెలుస్తోంది నాన్నా?”

“ఏదో… మోటారు పట్టేసినప్పుడు గేరు కొట్టుకుంటుందే, అలా ఉంది.”

చెప్పాక తనే ఆగిపోయాడు. ఇంతకుముందు ఎప్పుడూ రానిది ఆ మాట ఎక్కణ్ణించి వచ్చిందో అతనికే తెలియలేదు.

కూతురు ఆ వాక్యాన్ని కాగితం మీద రాసిచ్చింది. మర్నాడు అది చదివి థెరపిస్టు కుర్చీలోంచి లేచినంత పని చేసింది. ఇన్నాళ్ళూ మీకు నా మాటలు అరువిచ్చాను, పొరపాటు నాదే అంది. ఇకనుంచి మీ మాటలే వాడండి, క్రేన్ మాటలు, ఇనుము మాటలు, ఏవైనా సరే అంది. తలుపు తెరుచుకున్నట్టయింది. ఐసు నీళ్ళలో చేయి పెడితే వేళ్ళ కొసల్లో తీగలు బిగిశాయన్నాడు. వెచ్చటి నీళ్ళలో పెడితే బోల్టు వదులైందన్నాడు. ఎండలో నడిచొచ్చిన రోజు మెడ వెనక రేకు కాలినట్టుందన్నాడు. ఆమె గబగబా రాసుకుంటూ, మొదటి బెల్లు కొట్టకముందే బడికి చేరిన పిల్లలా మెరిసిపోయింది.

దాహానికి వేరే పద్ధతి పెట్టింది. రోజూ రెండు గంటలకోసారి ఫోన్‌లో అలారం మోగుతుంది. మోగగానే నీళ్ళు తాగకూడదు. ముందు అరనిమిషం ఆగి నోరు, నాలుక, గొంతు, నుదురు ఒక్కొక్కటీ చూసుకుని రాసుకోవాలి. తర్వాత తాగాలి. తాగాక మళ్ళీ చూసుకుని రాయాలి. తేడా తెలిసినా తెలియకపోయినా రాయాలి. ‘తేడా లేదు, తేడా లేదు’ అని రెండు పేజీలు నిండాయి. తొమ్మిదో రోజున మాత్రం ‘ముందు: నాలుక గ్రీజు లేని పట్టా మీద చక్రంలా ఉంది. తర్వాత: జారుతోంది’ అని రాశాడు. రాసింది తనేనా అని రెండుసార్లు చదువుకున్నాడు.

అసలు సంగతి జరిగింది మాత్రం కూతురి కాలేజీలో. తల్లిదండ్రుల సమావేశం అని పిలిస్తే, సెలవులో ఉన్నాడు కనక అతనే వెళ్ళాడు. నలభై మంది ఇరుకు బెంచీల మీద కూర్చున్నారు. లెక్కల లెక్చరరు బోర్డు ముందు నిలబడి ఎవరెవరికి ఎన్ని మార్కులొచ్చాయో చదువుతున్నాడు. ఫోన్ మోగడానికి ఇంకా గంట ఉంది. అంతలోనే అతని గొంతులో ఏదో కదిలింది. ముందు పట్టించుకోలేదు. మళ్ళీ కదిలింది. నాలుక అంగిటికి అంటుకుని, మింగబోతే మింగుడు పడలేదు. నుదుటి లోపల సన్నగా ఏదో బిగుస్తోంది. అతను ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు, గూట్లో పిట్ట ఎక్కడ ఎగిరిపోతుందో అన్నట్టు. అది ఎగిరిపోలేదు. ఇంకా ఇంకా దగ్గరికొచ్చింది.

అతను లేచి నిలబడ్డాడు.

“నాకు దాహం వేస్తోంది” అన్నాడు.

లెక్చరరు చదవడం ఆపి, బయట వరండాలో కుళాయి ఉందండీ అన్నాడు. కానీ ఈయన కదలడు. చెవుల దాకా నవ్వుతూ నిలబడ్డాడు. పక్కనున్న ఆవిడ పాపం అనుకుని తన సీసా ఇవ్వబోయింది. ఇప్పుడే వద్దమ్మా, ఇంకాస్సేపు ఉండనీ అన్నాడు. కూతురు బెంచీ కిందికి దూరిపోవాలో లేచి గెంతాలో తెలియక చివరికి గెంతింది. అతను వరండాలోకి పరుగెత్తి, కుళాయి తిప్పకుండానే ముందు థెరపిస్టుకు ఫోన్ చేశాడు. తర్వాత భార్యకు చేశాడు. ఆవిడ పోస్టాఫీసు కౌంటర్లో ఉంది. విషయం విని, వరసలో నిలబడ్డవాళ్ళను ఒక్క నిమిషం ఆగమని చెప్పి, ఏడ్చిందట. అప్పుడు అతను కుళాయి కింద దోసిలి పట్టాడు. నీళ్ళు గొంతు దిగుతుంటే ఎక్కడెక్కడ తడుస్తోందో అతనికి తెలిసింది. ఇన్నేళ్ళుగా అందరూ రోజూ ఇంత సుఖం అనుభవిస్తూ ఒక్కరూ చెప్పలేదేమిటా అనిపించింది.

ఆ తర్వాత పది రోజులు ఇంట్లో ఒకటే హడావుడి. ఆకలి వేస్తోందని కేక వేసి చెప్పేవాడు. పొట్టలో ఖాళీ బక్కెట్టు ఊగుతోందని వర్ణించేవాడు. నిద్రొస్తోందని ఆవలించి, ఆవలింత వచ్చినందుకు సంబరపడేవాడు. ఇల్లంతా పసిపిల్లాణ్ణి తెచ్చుకున్నట్టుందని భార్య వదినగారితో చెప్పి మురిసిపోయింది. పన్నెండున్నరకు ఫోన్ చేయబోయి, అక్కర్లేదని గుర్తొచ్చి, చేయి ఊరుకోక ఊరికే చేసి పెట్టేసేది.

ఒక పొద్దున మాత్రం అందరికీ గుండె ఆగినంత పనయింది. గడ్డం గీసుకుంటున్నవాడు కుర్చీలో కూలబడ్డాడు. ఛాతీలో గేరు కొట్టుకుంటోంది, చేతులు చెమటలు, కడుపులో తాడు మెలితిరిగింది. గుండెపోటే అనుకుని ఆసుపత్రికి పరుగెత్తారు. పరీక్షలన్నీ చేసి ఏమీ లేదన్నారు. థెరపిస్టు కిందికొచ్చి అతని పక్కన కూర్చుంది. ఏమీ లేదని ఆమె అనలేదు.

“దానికి ముందు ఏం జరిగింది?”

ఏమీ జరగలేదన్నాడు. తర్వాత ఆలోచించి, సైటు నుంచి ఉత్తరం వచ్చిందన్నాడు. వచ్చే బుధవారం నాలుగు గంటలు క్రేన్ నడిపి చూపించాలి, అందరూ చూస్తారు. ఆ ఉత్తరం చదివి గడ్డానికి నురగ రాసుకున్నాడట.

“ఇది భయమా?” అన్నాడు మెల్లగా. “నాకు భయం లేదనే అందరూ అంటారే.”

“ఎందుకు లేదూ” అంది భార్య. “కొత్త సైటుకు వెళ్ళే రోజు మీరు బూటు లేసు మూడుసార్లు విప్పి కడతారు. నేను ప్రతిసారీ చూస్తానుగా.”

 భయమని తెలిశాక గేరు చప్పుడు ఆగలేదు గానీ, అది గుండెపోటు మాత్రం కాదు. దాన్ని మోసుకుని బస్సెక్కి ఇంటికొచ్చాడు.

పరీక్షకు ముందు థెరపిస్టు సైటుకు వచ్చింది. మనిషిని ఒక్కణ్ణే చక్కదిద్ది పంపితే చాలదు, పనిచేసే చోటు కూడా చూడాలంది. హెల్మెట్ పెట్టుకుని, నడుముకు బెల్టు కట్టుకుని, డెబ్బై మీటర్లూ ఎక్కింది. కాళ్ళు వణికాయని పైన నిజాయితీగా చెప్పింది. ఆ గదిలో కొలతలు తీసింది. సీసా పెట్టుకునే చోటు సీటు వెనకుంది, చేతికందదు. ఎండకు అడ్డం లేదు. ఒంటికి వెళ్ళే దారి అసలే లేదు. మిగతా రెండు క్రేన్ల ఆపరేటర్లతోనూ మాట్లాడింది. మూడో క్రేన్ నడిపేది ఒక ముప్పై ఏళ్ళామె, అన్నిటికీ ముక్తసరిగా జవాబు చెప్పి వెళ్ళిపోయింది. సీసాకు చేతి పక్కన కొక్కెం, అద్దాలకు పరదా, రోజుకు రెండుసార్లు విరామం కావాలని థెరపిస్టు రాసిచ్చింది. కొక్కానికీ పరదాకూ మేనేజరు ఒప్పుకున్నాడు. విరామం మాటకు మొహం చిట్లించాడు. ఇరవై రెండేళ్ళలో ఒక్కసారి దిగని మనిషికి ఇప్పుడు విరామమేమిటన్నాడు.

బుధవారం వచ్చింది. కింద మేనేజరు, సేఫ్టీ ఆఫీసరు, థెరపిస్టు వరసగా నిలబడ్డారు. ఒంటెగారు ఎక్కాడు. రెండు గంటలు చేయి వెన్నలా కదిలింది. పలకలు, చువ్వలు, సిమెంటు తొట్టెలు పెట్టమన్నచోట గుడ్డు పెట్టినంత మెత్తగా పెట్టాడు. నీళ్ళు తాగుతూనే ఉన్నాడు. మూడో గంటలో ఎండ ముదిరింది. సిమెంటు తొట్టె ఒకటి దించాడు, రెండోది ఎత్తబోతుండగా కనుబొమల వెనక సన్నటి తీగ బిగిసింది. కడుపు కింద బరువు. మెడ మీద రేకు. మూడూ ఒకేసారి. అతనికి ప్రతిదీ విడివిడిగా తెలిసింది, దాని పేరుతో సహా. ఇప్పుడు ఆగితే పరీక్ష పోతుందేమో. ఆగకపోతే ఇదే బిగుసుకుంటూ పోతుంది. ఆ బిగువు చివర ఏముందో అతనికి తెలుసు.

క్రేన్ కొక్కేన్ని ఖాళీగా పైకి లాగి, యంత్రం ఆపి, వాకీటాకీ నొక్కాడు.

“ఒకటో క్రేన్. పదిహేను నిమిషాలు ఆపుతున్నాను. తల బిగుస్తోంది, ఒంటికి వెళ్ళాలి. దిగుతున్నా.”

సైటంతా వినే ఛానెల్ అది.  మేనేజరు చేతి గడియారం చూసుకున్నాడు. ఇక్కడ సిమెంటు పోత ఆగిపోతోందని సేఫ్టీ ఆఫీసరు వైపు తిరిగి అన్నాడు. ఆయన కాగితం మీంచి తలెత్తకుండానే, “పోయిన నెల ఆయన ఆగకపోతే నాలుగు రోజులు పని ఆగింది” అన్నాడు.

అప్పుడు వాకీటాకీ మళ్ళీ గరగరలాడింది. ఆడగొంతు.

“మూడో క్రేన్. నేనూ ఆపుతున్నాను. పొద్దున్నుంచి నేను చుక్క నీళ్ళు తాగలేదు. తాగితే దిగాల్సొస్తుందని.”

 సిమెంటు కలిపే యంత్రం చప్పుడొక్కటే. తర్వాత రెండో క్రేన్ నుంచి దగ్గు వినిపించింది. అక్కడుండేది రిటైరవబోతున్న పెద్దమనిషి. “మరైతే నేనొక్కణ్ణే పైన ఏం చేయను? నేనూ వస్తున్నా” అన్నాడు. ఎవరో నవ్వారు. నవ్వు ఒక అంతస్తు నుంచి ఇంకో అంతస్తుకు పాకింది. మూడు నిచ్చెనల మీదా మూడు హెల్మెట్లు కిందికి దిగుతుంటే పనివాళ్ళు సుత్తులతో ఇనుప గొట్టాల మీద దరువు వేశారు. ఒంటెగారి గుండె గేరులా కొట్టుకుంటోంది. భయమా అని చూసుకున్నాడు. కాదు. అడుగున ఇంకేదో ఉంది, నురగలా పైకి పొంగుతోంది. దానికి పేరు వెతికే తీరిక లేక గబగబా దిగాడు.

థెరపిస్టు చప్పట్లు కొట్టలేదు. తన కాగితంలో ఒక గీత గీసి, కళ్ళు తుడుచుకుని, దుమ్ము పడిందంది. పదిహేను నిమిషాలకు ముగ్గురూ మళ్ళీ ఎక్కారు. మిగిలిన పని మిగిలిన వేళకే అయిపోయింది.

సోమవారానికల్లా కాగితం వచ్చింది, ఎక్కవచ్చని. దాంతోపాటు నోటీసు బోర్డు మీద ఇంకోటి అంటించారు. ముగ్గురు ఆపరేటర్లకూ రోజుకు రెండు విరామాలు, ఆ వేళకు క్రేన్ చూసుకోవడానికి ఇంకో ఆపరేటరు. మూడో క్రేన్ ఆమె ఆ నోటీసును ఫోనులో ఫొటో తీసుకుంది. పోతూ పోతూ ఒంటెగారి దగ్గర ఆగి, ఆ థెరపిస్టు నంబరు ఉందా అన్నా అని అడిగింది. అతను జేబులోంచి చీటీ తీసి తన చేత్తోనే రాసిచ్చాడు.

ఆ పొద్దున గాలి చల్లగా ఉంది. అతను నిచ్చెన ఎక్కుతుంటే కింద వీధులు, బస్సులు, కిటికీల్లో ఆరేసిన బట్టలు ఒక్కొక్కటే చిన్నవవుతున్నాయి. పొట్టలో ఏదో కదులుతోంది. ఆకలి కాదు, ఇప్పుడే తిన్నాడు. భయం కాదు, తాడు మెలిపడలేదు. ఛాతీ తేలిగ్గా ఉంది, చేతులు వాటంతటవే ఎక్కుతున్నాయి, చెంపలు వెచ్చగా ఉన్నాయి. సగం దారిలో ఆగి, మెట్టు పట్టుకుని దాని పేరు వెతికాడు. గదిలోకి చేరి కూర్చుని, పరదా సర్ది, ఇంకా వెతికాడు. చివరికి దొరికింది. వాకీటాకీ నొక్కాడు.

“వింటున్నావా?”

“చెప్పన్నా” అన్నాడు సిగ్నల్‌మ్యాన్.

“నేను సంతోషంగా ఉన్నాను.”



“మంచిదే అన్నా” అన్నాడు సిగ్నల్‌మ్యాన్. “ఎడమవైపు తిప్పు, చువ్వలు కట్టి ఉంచాం.”